రెక్కల్లేని ఆడదాన్ని మోసిన సూది

నేను ఒక సూదిని. బట్టలు కుట్టేదాన్ని కాదు, ఇంజక్షను చేసేదాన్నీ కాదు. నాకు బెజ్జం లేదు, దారం ఎరగను. చచ్చిన పురుగు వీపులో దిగి, దాన్ని నిటారుగా నిలబెట్టి, దాని పేరు చీటీ కూడా నేనే పట్టుకుని గాజుమూత పెట్టెలో నిలబడే సూదిని. మూడో నంబరు సూది అంటారు. వేలంత పొడవు, ఒంటినిండా నల్ల పూత, నెత్తిన ఆవగింజంత నైలాను గుండు. అంతే నా ఆస్తి.

ఎక్కడో చలిదేశంలో తీగ సాగదీసి, ముక్కలు కోసి, మొన తీసి, పూత పూసి, వందమందిని ఒక కాగితం పొట్లంలో పెట్టారు. ఓడెక్కి వచ్చాం. విశాఖ మన్యం కొండల దిగువన ఒక కాలేజీ ఉంది, దాని జువాలజీ డిపార్టుమెంటు బీరువాలో పడ్డాం. వచ్చాక తొమ్మిదేళ్ళు పొట్లం విప్పలేదండీ! ఆఫీసు కాగితాల గుండుసూదులతోనే పురుగుల్ని గుచ్చేవారు. అవి తుప్పుపట్టి పురుగు కడుపులోనే విరిగిపోయేవి. "మంచి సూదులున్నాయి కదండీ" అని ఎవరైనా అడిగితే "మంచివి కదా, ఉండనీండి" అనేవారు. మనుషుల పద్ధతే అంత. మంచి వస్తువు దొరికితే ముందు తాళం వేస్తారు.

నన్ను పొట్లంలోంచి మొదట బయటికి తీసింది అప్పలకొండ. ఆ డిపార్టుమెంటు అటెండరు. చదివింది ఏడో తరగతి, పుట్టింది గెడ్డవలస అనే కొండపల్లె. పురుగులు పట్టడంలో మాత్రం అతనికి సాటి ఆ కాలేజీలో లేరు. లెక్చరర్లు వలలు పట్టుకుని గంతులేస్తూంటే, అతను ఊరికే గొంతుక్కూర్చుని ఒక రాయి ఎత్తేవాడు. అంతే, దాని కింద ఉండేది.

ఆ రోజు గెడ్డవలస కొండ మీద రాయి ఎత్తితే ఒకటి కాదు, రెండు దొరికాయి. ఒకదాని మీద ఒకటి, జతకట్టి ఉన్నాయి.

అవేంటో చెప్పాలి మీకు. ఇంగ్లీషులో ఎసాసిన్ బగ్గులంటారు, అంటే కిరాయి హంతకులన్నమాట. నాకా పేరు నచ్చదు. కిరాయి ఎవరిచ్చారు పాపం? ఆకలేసి చంపుకుంటాయి. మంచంలో నల్లికి దూరపు చుట్టాలు. తల కింద మూడు ముక్కల ముక్కు, కొడవలిలా వంగి ఉంటుంది. గొంతు కింద సన్నటి గాడి ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ముక్కు కొసని ఆ గాడిలో రుద్ది కిర్రు కిర్రుమని అరుస్తాయి. ఆ గాడి కనబడితే ఈ కుటుంబమని లెక్క. తర్వాత వీపు మీద చిన్న మూడుమూలల పలక చూస్తారు. ఆ పలక కొసన రెండు కొమ్ములు ఎడంగా ఉంటే, ఇది రోకలిబండల్ని తినే బాపతు.

రోకలిబండ తెలుసుగా? వానాకాలం గోడలెంట పాకుతుంది, ముట్టుకుంటే చుట్టలా చుట్టుకుపోతుంది, ఒళ్ళంతా కాళ్ళే. దాని ఒంట్లో విషం, కంపు. కోడి కూడా ముట్టదు. మా హంతకి మాత్రం దాని మీదెక్కి, కట్టుకీ కట్టుకీ మధ్య మెత్తటి సందు వెతుక్కుని ముక్కు దించుతుంది. లోపలికి ఉమ్ము వదుల్తుంది. ఆ ఉమ్ముకి లోపలున్నదంతా కరిగి జావైపోతుంది. అది జుర్రుకుంటుంది. పిల్లలైతే పదీ పదిహేనూ చుట్టూ చేరి, తలో సందులో తలో ముక్కు పెట్టి, పంక్తి భోజనాల్లో కూర్చున్నట్టు కూర్చుంటాయి.

అప్పలకొండ పట్టిన జంటలో కిందది పెద్దది. ఎర్రటి ఒళ్ళు, నల్లటి పట్టీలు, రెక్కలు బొత్తిగా లేవు. పైది చిన్నది, నీలం నిగనిగల రెక్కలు. చూస్తే ఒక ఇంటివని ఎవరూ అనుకోరు.

వాటిని విడదీయలేదు అప్పలకొండ. అక్కడ ఆనవాయితీ ఒకటుంది. జతకట్టి దొరికిన పురుగుల్ని ఒకే సూదికి గుచ్చాలి. "కాపరం సేసుకుంటన్నోళ్ళు. ఇడదీత్తే మనకి పాపం" అంటూ నన్ను ముందు మగదాని వీపు పలకలో కుడిపక్కగా దించి, తర్వాత ఆడదాని వీపులోకి దించాడు. నాకు అదే మొదటి పురుగు. అదే ఆఖరు కూడా. అడుగున తన చేత్తో తెలుగులో రాసిన చిన్న చీటీ గుచ్చాడు: 'గెడ్డవలస. రాయి కింద. జంట.' అంతే. ఏళ్ళ తరబడి ఆ ఇద్దర్నీ మోశాను. బరువనిపించలేదు.

ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

డిపార్టుమెంటు హెడ్డు సాంబమూర్తి గారు. నెమ్మదైన మనిషే, ఎవర్నీ గట్టిగా కసిరింది లేదు. కానీ పైనుంచి పెద్దలొస్తున్నారంటే ఎంతటివాడికైనా వణుకేగా! "పెట్టెలు నీట్‌గా ఉండాలి. ఒక సూదికి ఒక పురుగు. ఈ తెలుగు చీటీలు తీసేసి ప్రింటు లేబుళ్ళు గుచ్చండి" అన్నారు. ఆ వారం అప్పలకొండ లేడు, కూతురి పురుడని ఊరెళ్ళాడు. పని ఎమ్మెస్సీ పిల్లల మీద పడింది.

నా పెట్టె ఎస్తేరుకి వచ్చింది. అప్పటికి ఇరవై రెండేళ్ళ పిల్ల, భీమిలి దగ్గర బెస్తపాలెం. చేతులు చాలా మెత్తన. తడి ఇసుక డబ్బాలో నన్ను ఒక రోజంతా ఉంచింది, ఎండిన పురుగు మెత్తబడాలని. మర్నాడు నన్ను ఇద్దర్లోంచీ పైకి లాగి, ఆడదాన్ని ఒక్కదాన్నే మళ్ళీ నాకు గుచ్చింది. ఒక్క కాలు కూడా విరక్కుండా లాగింది. ఎంత శ్రద్ధగా చేసిందో! మగదాన్ని ఇంకో సూదికి గుచ్చి, రెక్కలున్నవాటి పెట్టెలో పెట్టింది. చీటీ నలిపి చెత్తబుట్టలో వేసింది. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చారు, టీ తాగారు, పెట్టెల వైపు తిరిగి చూడకుండానే వెళ్ళారు.

అప్పలకొండ ఊర్నించి వచ్చి పెట్టె తెరిచాడు. "ఒలమ్మో, ఈల్లనెవులు ఇడదీసినారు?" అన్నాడు. ఎవరూ పలకలేదు. నేనెలా పలకను?

ఇప్పుడు అసలు సంగతికొస్తా.

ఎస్తేరు అక్కడే పీహెచ్‌డీకి చేరింది. ఈ రోకలిబండల హంతకుల మీదే పని. గైడు సాంబమూర్తి గారే. ఆయన పాతికేళ్ళ కిందట రెక్కలున్న నీలం పురుగు మీద ఒక పేపరు రాశారు, అది కొత్త జాతి అని. పేరు పెట్టింది ఆయనే. పుస్తకాల్లో ఆ పురుగు పేరు వెనక ఆయన ఇంటిపేరుంటుంది. రెక్కల్లేని ఎర్రదానికి ఎప్పుడో దొరలనాడే పేరుంది. అంటే రెండూ వేరువేరు జాతులని లెక్క. రెండు పెట్టెలు, రెండు పేర్లు.

ఆరేళ్ళు పురుగుల్ని భూతద్దం కింద పెట్టి చూశాక ఎస్తేరుకి ఒకటి తట్టింది. ఎర్ర పెట్టెలో అన్నీ ఆడవే. నీలం పెట్టెలో అన్నీ మగవే. అప్పలకొండ చెప్పేదాన్ని బట్టి, ఎర్రవన్నీ రాళ్ళ కింద దొరికినవి. నీలంవి దాదాపు అన్నీ సాయంత్రం దీపాలకొచ్చి పడ్డవి. రెక్కలుంటేగా దీపం దాకా ఎగిరేది! రాయి కింద వెతికినవాడికి పెళ్ళాం దొరికింది, దీపం కింద కూర్చున్నవాడికి మొగుడు దొరికాడు. ఇద్దరూ చెరో పేరు పెట్టుకున్నారు.

ఆ మాట తట్టగానే ఆ పిల్ల మొహం చూడాలి మీరు. ఒక్క నిమిషం వెలిగింది. మరు నిమిషం నన్ను పెట్టెలోంచి తీసి, నా మీద మగది ఉండే చోట ఖాళీని వేలితో తడిమింది. గుర్తొచ్చింది ఆ పిల్లకి.

"బాబాయ్" అంది అప్పలకొండతో, అతనింక రిటైరయ్యే రోజుల్లో ఉన్నాడు. "ఆ రోజు విడదీసింది నేనే."

అప్పలకొండ నన్ను తిరిగి పెట్టెలో గుచ్చాడు. తర్వాత "మా ఊర్ల పెద్దమనుసులు మనుసుల్నే ఇడదీసేత్తారు. నువ్వు పురుగుల్నే గదమ్మా. ఏడవకు" అన్నాడు.

"ఏ మగది దీనిదో చెప్పగలవా? నీలం పెట్టెలో పదకొండున్నాయి."

"ఇప్పుడెలగ సెప్తాను? మీరు అన్నిటికీ ఒక్కలాటి చీటీలే ఎట్టీసినారు."

ఇద్దరూ కలిసి సాంబమూర్తి గారి గదికి వెళ్ళారు. నన్ను థర్మోకోల్ ముక్కకి గుచ్చి చేత్తో పట్టుకెళ్ళింది కాబట్టి నేనూ విన్నాను.

"రెండూ అంటుకునున్నప్పుడు నా సేత్తో పట్టినాను బాబూ" అన్నాడు అప్పలకొండ.

"అప్పలకొండా, నువ్వు చదివింది ఏడు. ఏది దేనికి అంటుకుందో నువ్వెలా చెప్తావయ్యా?"

"అంటుకోడానికి ఎంత సదువుకోవాలేటి బాబూ?"

ఎస్తేరు నవ్వాపుకోలేక దగ్గింది. సార్ మాత్రం నవ్వలేదు. "చీటీ ఉందా?" అన్నారు. లేదు. "జంట ఉందా?" లేదు. "మరి దేన్ని చూసి సంతకం పెట్టమంటావమ్మా?" అన్నారు. పురుగు కాలు ఒకటి హైదరాబాదు పంపిస్తే డీఎన్ఏ పరీక్ష చేస్తారట. ఆ ఉత్తరం మీదా ఆయన సంతకమే కావాలి. "చూద్దాం" అన్నారు. మనుషుల 'చూద్దాం' ఎంత లోతో నాకు తెలుసు. నేను తొమ్మిదేళ్ళు పొట్లంలో ఉన్నదాన్ని.

ఎస్తేరు థీసిస్ ఇచ్చే గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. అక్టోబరు ఆఖరి శుక్రవారం దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది, ఏడేళ్ళ పని మట్టికొట్టుకుపోతుంది. మిగిలిన దారి ఒక్కటే. బతికున్న ఆడదాన్ని పట్టి, గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి, రెక్కల్లేని తల్లికి రెక్కలున్న కొడుకు పుట్టాడని చూపించాలి.

తొలకరి పడగానే ఇద్దరూ గెడ్డవలస వెళ్ళారు. నేను టేబుల్ మీదే ఉన్నాను, వచ్చాక వాళ్ళు చెప్పుకున్నదే నాకు తెలుసు. కొండ సగం లేదట. కంకర మిషన్ పెట్టారు. పురుగులు దాక్కునే రాళ్ళన్నీ లారీలెక్కి ఎక్కడో రోడ్డు కింద పడ్డాయి. మూడు రోజులు వెతికితే, మిషన్ వెనక మిగిలిన ముక్కలో ఒక్కటే ఒక్క ఎర్రది దొరికింది.

దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టారు. అడుగున తడి ఇసుక, పైన గాజుగుడ్డ. నన్ను పోలిక చూసుకోడానికి ఆ డబ్బా పక్కనే థర్మోకోల్ ముక్కలో నిలబెట్టింది ఎస్తేరు. నా మీద చచ్చింది, నా ఎదురుగా బతికున్నది. అచ్చు ఒక్కలాగే ఉన్నాయి.

జులైలో ముప్పై ఆరు గుడ్లు పెట్టింది. ఎస్తేరు వాటిని చూసి డబ్బా ముందు కూర్చుని, పెద్దపిల్లయి ఉండీ చప్పట్లు కొట్టింది. పద్దెనిమిది రోజులకి పిల్లలు వచ్చాయి, ఎర్రగా, మిరపగింజలంత. వాటికి ఐదు కుబుసాలు. ఐదోది విడిస్తేనే పెద్ద పురుగు. మగదైతే నాలుగో కుబుసం దాటాక వీపు మీద రెక్క మొగ్గలు కనిపిస్తాయి. అక్కడిదాకా రావాలి.

వాటికి తిండి పెట్టాలంటే బతికున్న రోకలిబండలు కావాలి. అప్పలకొండ రిటైరయిపోయాడు, అయినా రోజూ గోనెసంచీ పట్టుకుని వచ్చేవాడు. హాస్టలు గోడలెంట, దొడ్ల వెనక ఏరుకొచ్చేవాడు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఏం తాతా, సాయంత్రానికి కూరా?" అని ఎకసెక్కం. "నీ ఇంటికే, అల్లుడొత్తన్నాడు గదా!" అనేవాడు ఇతను. ఆగస్టులో తల్లి చచ్చిపోయింది. దాన్ని ఇంకో సూదికి గుచ్చి నా పక్కన పెట్టింది ఎస్తేరు.

సెప్టెంబరులో వానలు ముఖం చాటేశాయి. రోకలిబండలు మట్టిలోకి దిగిపోయాయి. పిల్లలు ఆకలికి ఒకదాన్నొకటి పొడుచుకోడం మొదలెట్టాయి. తడి ఎక్కువ చేస్తే ఇసుకకి బూజు, తక్కువ చేస్తే కుబుసం ఒంటికి అతుక్కుని చావు. ఇరవై, పదకొండు, ఆరు... ఎస్తేరు పొద్దున్నే తాళం తీసి ముందు డబ్బా దగ్గరికే వచ్చేది. మూత తీసే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. ప్రార్థనో భయమో నాకు తెలీదు.

అక్టోబరు మూడో వారానికి ఒక్కటి మిగిలింది. దాని వీపు మీద రెండు మొగ్గలు!

ఆఖరి శుక్రవారానికి ముందు సోమవారం పొద్దున అది గాజుగుడ్డకి తలకిందులుగా వేలాడింది. వీపు చీలింది. తల వచ్చింది, ఛాతీ వచ్చింది. రెక్కలు వచ్చాయండీ, తడిసిన పూరేకుల్లాగా, ముడతలు పడి, తెల్లగా. అప్పలకొండ గోనెసంచీ గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. వెనక కాళ్ళు రాలేదు. పాత తోలులోనే ఇరుక్కుపోయాయి. లాగింది, లాగింది. పదింటికి మొదలెట్టినది పన్నెండున్నరకి లాగడం మానేసింది.

ఎస్తేరు అరవలేదు. అట్టముక్క మీద జిగురు చుక్క పెట్టి, తోలుతో సహా దాన్ని అంటించింది. ముడతలు పడ్డవైనా రెక్కలు రెక్కలేగా! మర్నాడు నన్నూ, తల్లినీ, దాన్నీ ఒకే ముక్క మీద గుచ్చి సార్ గదికి తీసుకెళ్ళింది.

సాంబమూర్తి గారు కళ్ళజోడు తీసి మైక్రోస్కోపు మీద వంగారు. చాలాసేపు లేవలేదు.

"రెక్కలున్నాయి" అన్నారు.

"ఉన్నాయి సార్."

"మగది."

"మగదే సార్. తల్లి ఇదిగో."

ఆయన లేచి కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు. "ఒక్కటి. అదీ అవిటిది. ఒక్కదాన్ని పట్టుకుని ఒక జాతి పేరు కొట్టేస్తామా అమ్మా?"

ఎస్తేరు గొంతు పెంచలేదు. "మీరు ఆ పేరు పెట్టినప్పుడు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి సార్?"

పైన ఫ్యాను తిరుగుతోంది. ఆయన కిటికీ వైపు చూశారు.

"ఒక్కటి" అన్నారు. "గెస్ట్ హౌస్ వరండాలో, ట్యూబులైటు కింద పడింది."

నేను ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. పెద్దాయన మొహం ఆ పూట ఎండిపోయిన పురుగులాగే ఉంది.

"నా పేరుతో ఉన్నది అదొక్కటేనమ్మా" అన్నారు చివరికి. "రెండేళ్ళలో రిటైరవుతాను. తర్వాత నువ్వేం రాసుకున్నా నేను మాట్లాడను. ఇప్పుడు నీ థీసిస్‌లో రెండూ ఒకటే జాతన్న ఆ నాలుగు పేజీలు తీసెయ్. తీసి పట్రా, నిలబడి సంతకం పెడతాను."

బుధవారం, గురువారం ఎస్తేరు ఆ నాలుగు పేజీలు ముందేసుకుని కూర్చుంది. అప్పలకొండ బతిమాలాడు. "తీసీమ్మా. పురుక్కేటి తెలుస్తాది దాని పేరు? నువ్వు డాక్టరమ్మవైపో. మీ అమ్మ సేపల గంప దించుతాది."

"పురుక్కి తెలీదు బాబాయ్."

"మరేటి?"

"ఒకసారి విడదీశాను. తెలీక. ఇప్పుడు తెలిసి ఎలా?"

అతను సంచీ మడత పెట్టుకుని బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆఫీసు గుమస్తా కిటికీ మూసేశాడు. ఆ చప్పుడు మా గదిలోకి వినబడింది. ఎస్తేరు అప్పుడు డబ్బాలో ఇసుక పారబోసి కడుగుతోంది. కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని, మా ముగ్గుర్నీ ఎర్ర పెట్టెలో గుచ్చి మూత వేసింది. కాలేజీ సొత్తు కదా, పట్టుకెళ్ళలేదు. భీమిలిలో రొయ్యపిల్లల హేచరీలో పనికి చేరిందని అప్పలకొండ స్వీపరుకి చెప్తూంటే విన్నాను. అది అతను ఆఖరుసారి ఆ గదికి రావడం.

మూడేళ్ళయింది. సాంబమూర్తి గారు రిటైరయ్యారు, దండలేశారు, వెళ్ళిపోయారు. ఆయన మాట్లాడనన్న రోజులు వచ్చేశాయి. కానీ మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు ఇక్కడ? పెట్టె మూలన కలరా ఉండలు కరిగి ఎప్పుడో మాయమయ్యాయి. కొత్తవి వేసేవాళ్ళు లేరు.

ఆ వాసన పోగానే బొచ్చుపురుగు వచ్చింది. గింజంత ఉంటుంది, ఎండిన పురుగుల్ని తిని బతికే బాపతు. దానికి ఎసాసిన్ బగ్గయినా ఒకటే, సీతాకోకచిలుకైనా ఒకటే. నీలం పెట్టె పక్కనే ఉంది. అందులో మగవి పదకొండూ పొడైపోయి ఉంటాయి, ఆ వైపునుంచే వచ్చింది ఇది. మా పెట్టెలో ముందు అట్టముక్క మీది పిల్లాణ్ణి తినేసింది. మెత్తన కదా, రెండు రోజులు పట్టలేదు. ఆ ముడతల రెక్కల్లో ఒకటి మాత్రం జిగురులో మిగిలింది. తర్వాత తల్లి దగ్గరికెళ్ళింది. దాని సూది ఇప్పుడు ఒట్టి చీటీ మోస్తోంది.

ఇప్పుడు నా దాని మీదెక్కింది. నాకు తెలుస్తోంది, నా ఒంటి చుట్టూ గీకుతోంది. పొట్ట అయిపోయింది. ఎడమ కాళ్ళు మూడూ కిందపడ్డాయి. వీపు పలక, దాని రెండు కొమ్ములు, రెక్కలు మొలవని ఆ నున్నటి చోటు ఇంకా ఉన్నాయి. తెలిసినవాళ్ళు చూస్తే చాలు, ఇది ఆడదని, రెక్కల్లేనిదని చెప్పగలరు. పక్కనే జిగురులో ఆ ఒక్క రెక్క ఉంది. ఒక కాలు హైదరాబాదు పంపాలన్నా కుడివైపు ఇంకా రెండున్నాయి.

నేను సూదిని. కదల్లేను, అరవలేను. కింద ప్రింటు చీటీ పట్టుకుని నిలబడ్డం తప్ప నాకేం రాదు. జువాలజీ డిపార్టుమెంటు, రెండో అంతస్తు, ఎడమ బీరువా, పైనుంచి నాలుగో అర. తాళం ఊడిపోయే ఉంది. ఎవరో ఒకరు రండి. ఈ వారంలోనే రండి, మూత తియ్యండి. బొచ్చుపురుగు మెడ దాకా వచ్చేసింది.